పెరటిచెట్టు చరిత్రము

“పెరటిచెట్టు మందునకు రాదు” అని మనలో నొక సామెత గలదు. చేయి చాచినంతనే యందునట్టి వస్తువునందు మనుష్యునకు గౌరవము నిలువదనియు, దూరమునుండి వచ్చినదానికే విలువ కట్టుట లోకస్వభావమనియు దీని తాత్పర్యము. ఊరిలోని పండితుని గూర్చియు, ఇంటిలోని బిడ్డల ప్రజ్ఞను గూర్చియు మనమీ సామెతను వాడుచుందుము. కాని దానిని అక్షరార్థముననే గ్రహించి చూచినచో, మన యింటితోటల చరిత్రమంతయు నా చిన్నవాక్యములో నిమిడియున్నట్లు తోచును. పెరటిచెట్టు మందునకు రాకపోవుట చెట్టు దోషమా, మన దోషమా యని విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పట్టణములలో క్రొత్తగా గట్టిన యిండ్ల ముంగిళ్ళను ఒకమాఱు పరికింపుడు. కత్తిరించిన పచ్చిక, రంగురంగుల క్రోటను కుండలు, గోడపైకి ప్రాకిన కాగితపుపూల తీగ, ప్రహరీవెంబడి వరుసగా నిలిచిన కోనోకార్పసు చెట్లు, ఇవి నేటి గృహోద్యానమునకు లక్షణములైనవి. చూపునకు ఇంపుగా నున్నవనుటకు సందేహము లేదు. కాని పండుగనాడు గుమ్మమునకు గట్టుటకు మామిడాకు అంగడినుండి రావలెను. చారులోనికి కరివేపాకు సైతము ప్లాస్టిక్ సంచిలో వచ్చుచున్నది. పిట్టకు పండు లేదు, తేనెటీగకు తేనె లేదు, సీతాకోకచిలుకకు గ్రుడ్డు పెట్టుటకు ఆకు లేదు. నీరు మాత్రము ప్రతిదినము పోయవలసియే యున్నది. వేసవిలో మంచినీటి బండ్లకొరకు బిందెలతో కాచుకొనియుండు వీథులలో సైతము పచ్చికకు నీరు విడుచుట మనము చూచుచున్నాము. ఇట్టి తోట మనకెట్లు సంక్రమించినది? దీనికి ముందు మన యిండ్లలో నేమి యుండెను?

ముందుగా నొక సందేహమును తీర్చుకొనవలెను. దేశీయములైన మొక్కలను గూర్చి మాటాడునప్పుడు, పరదేశమునుండి వచ్చినదెల్ల చెడ్డదనియు, ఇచట పుట్టినదెల్ల మంచిదనియు ననుకొనుట సులభము. చరిత్రము దీని నంగీకరింపదు. కర్నూలు జిల్లాలో గుత్తికి సమీపమున నున్న ఎఱ్ఱగుడి కొండరాళ్ళపై క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోకచక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. అందలి రెండవ శాసనము మనుష్యులకును పశువులకును చికిత్స లేర్పఱచిన సంగతి చెప్పుచు, ఉపయోగకరములైన ఓషధులును, మూలములును, ఫలములును ఎచ్చట లేవో యచ్చటికి తెప్పించి నాటించినట్లును, త్రోవలవెంట నూతులు త్రవ్వించి చెట్లు పెట్టించినట్లును తెలుపుచున్నది. లేని మొక్కను తెచ్చి నాటుట యిరువదిరెండు శతాబ్దములకు పూర్వమే సత్కార్యముగా నెంచబడినదన్న మాట. కాబట్టి తెచ్చుట తప్పు కాదు. ఏ ప్రయోజనమునకై తెచ్చితిమి, తెచ్చినదానికొరకు దేనిని విడిచితిమి యన్నదే ప్రశ్నము.

ఇంటితోట యెట్లుండవలెనో మన ప్రాచీనులు వ్రాసి యుంచకపోలేదు. పేరు చూచియే మనము ముట్టుటకు సంకోచించు కామసూత్రములలో గృహిణీధర్మములను చెప్పుచోట వాత్స్యాయనుడు తోట యేర్పాటును వివరించెను. ఆకుకూరల మళ్ళు, చెఱకు దుబ్బులు, జీలకఱ్ఱ ఆవాలు మొదలగు వంటదినుసులు, మల్లె జాజి నందివర్ధనము మొదలగు పూలపొదలు, వట్టివేరు కురువేరు వంటి సుగంధమూలములు, మధ్య నొక బావి, కూర్చుండుటకు తావులు, ఇవన్నియు నందు గలవు. విత్తనములను కాలమెఱిగి సేకరించి కాలమెఱిగి చల్లుట గృహిణి విధులలో నొకటిగా నాతడు చెప్పెను. తోట యామె యేలుబడిలోని దన్న భావము ఇందు స్పష్టము.

క్రీ. శ. 6వ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమున కొక యధ్యాయము కేటాయించెను. తోటలోగాని యింటిలోగాని మొట్టమొదట నాటదగిన మంగళవృక్షములు అరిష్టము, అశోకము, పున్నాగము, దిరిసెనము, ప్రియంగువు అని యాతని మతము. అరిష్టమనగా వేపయని కొందఱును, కుంకుడని కొందఱును చెప్పుదురు. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరలుండుట ఉత్తమము, పదునాఱు మధ్యమము, పండ్రెండు కనీసమట. దగ్గఱగా నాటిన చెట్లు వేళ్ళు పెనవేసికొని సరిగా ఫలింపవని హేతువును కూడ నాతడు చూపెను. ఆ యైదింటిలో అశోకమునకు మనము చేసిన గౌరవమును చూడుడు. కాషాయవర్ణపు గుత్తులు పూచు నిజమైన అశోకము నేడు పెక్కుమంది యెఱుగరు. మొక్కలంగళ్ళలో అశోకమని యమ్మునది పొడవుగా స్తంభమువలె పెరుగు నరమామిడి. చెట్టు పోవుటకు ముందు పేరు పోయినది. పేరు పోయిన పిమ్మట చెట్టును అడుగువారు లేరైరి.

ఈ శాస్త్రములను చదువని మన యవ్వలు శాస్త్రకారులకన్న నిపుణముగా తోటను తీర్చిరి. పాత తెలుగు పెరటిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ముంగిట వేప నీడ, లోముంగిట తులసికోట. వంటయింటి తలుపు దాటిన రెండడుగులలో కరివేప. బావిచప్టానుండి జాఱిన నీరు కాలువవెంట పోయి మొదట అరటికిని, దాని కావల చేమకును కందకును అందును. స్నానపుగది నీరు కొబ్బరిమొదలు చేరును. మునగకొమ్మ పెళుసుగనుక గాలికి విఱిగి కప్పుపై పడకుండ దానిని దొడ్డిమూలను పెట్టుదురు. బావిప్రక్క మల్లెపందిరి, దొడ్డిలో చిక్కుడు, సొర, బీర పందిళ్ళు. కంచెకు వావిలి, అడ్డసరము, గోరింట. వావిలాకును అడ్డసరపాకును మేక ముట్టదు. కావున కంచె చెడదు. అదే వావిలాకు కాచిన నీరు బాలింతరాలి స్నానమునకు వచ్చును. అదే అడ్డసరపాకు దగ్గునకు వచ్చును. పటము గీయకయే తీర్చిన తోట యిది. ఇందు ఒకమాఱు వాడిన నీరు రెండవమాఱు పని చేయుచున్నది. ప్రతి మొక్కకును ఒక తావు, ఒక పని, ఒక పేరు గలవు. అందమనునది యీ మూడింటి వెనుక తనంతట తాను వచ్చెను.

ఈ తోటలోనికి పరదేశపు మొక్కలు రాలేదా? వచ్చినవి. 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గమున మన దేశమునకు వచ్చిన పిమ్మట అమెరికాఖండపు మొక్కలు ఓడలలో దిగసాగినవి. మిరప, జామ, సీతాఫలము, బొప్పాయి, చంద్రకాంత ఇట్లు వచ్చినవే. సంక్రాంతినాడు గొబ్బెమ్మపై మన యాడపడుచులు పెట్టు గుమ్మడిపూవును, గుమ్మమునకు గట్టు బంతిపూలదండయు అమెరికాసంతానమేయని చెప్పినచో చదువరులు కొంత యాశ్చర్యపడుదురు. గుమ్మడులలో బూడిదగుమ్మడి మాత్రమే మన ఖండమునకు చెందినది. దీనికి భిన్నముగా తెలంగాణమున బతుకమ్మను పేర్చు తంగేడును గునుగును అడుగడుగున బీళ్ళలో తమంతట తామై పూచునవి. అట్లని సంక్రాంతి గొబ్బెమ్మను తప్పు పట్టవలెనా? వలదు. గుమ్మడియు బంతియు మన యిండ్లలోనికి గృహిణి చేతిమీదుగా వచ్చినవి. ఆమె వానికొక తావు చూపినది, పని చెప్పినది, పేరు పెట్టినది. మిరపకొఱకు వేపను నఱికినవారు లేరు. అతిథులు వచ్చి బంధువులైరి, ఇంటివారిని వెడలగొట్టలేదు.

మన పెరటిచెట్టు గ్రంథమునకెక్కిన కథ యింతకన్న చిత్రమైనది. లిన్నేయసు మహాశయుని శిష్యుడైన యోహాన్ గెరార్డ్ కోనిగ్ అను వైద్యుడు 1768లో తరంగంబాడిలోని డేనిషు మతసంఘమునకు వైద్యుడుగా వచ్చి, దక్షిణదేశమంతయు తిరిగి మొక్కలను సేకరించెను. ఆయన పంపిన నమూనాలను చూచి ఐరోపాపండితులు పెక్కు పేర్లు పెట్టిరి. లిన్నేయసు తన శిష్యుని పేరు నిలుపుటకై యొక చిన్నచెట్టునకు కోనిగీ అను నామమును చేర్చెను. ఆ చెట్టు మఱేదియు గాదు, మన కరివేప. ఆ కోనిగ్ 1785లో కాకినాడయందలి జగన్నాథపురమున జబ్బుపడి మరణించెను. ఆయన యవసానకాలమున చికిత్స చేసినవాడు సామర్లకోటలో నున్న విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో స్కాట్లండు దేశీయుడు, కుంపిణీ వైద్యుడు. 1781లో సామర్లకోటకు వచ్చి పండ్రెండేండ్లు మన గోదావరిసీమలో నుండెను. అచ్చట నొక తోట వేసి మిరియము, కాఫీ, దాల్చిన, మల్బరీ మొదలగువానిని పెంచి చూచెను. కుంపిణీవారి వర్తకలాభమే యా తోటకు మూలమను సంగతిని మనము మఱువరాదు. కాని యాయన కుతూహలము లాభమువద్ద నాగలేదు. రాజమహేంద్రవరమునకు ఉత్తరపు కొండలలో తిరిగి, అచ్చటివారిని ప్రతి చెట్టునకును పేరేమి, పనియేమి యని యడిగి వ్రాసికొనెను. 1787 మే నెలలో గోదావరి ముఖప్రాంతమును ముంచిన తుపానులో ఆయన సేకరించిన నమూనాలును కాగితములును పెక్కు నశించినవి. ఆయన మరల మొదటినుండి యారంభించెను.

ఆయన మొక్కలను వర్ణించుటయే గాక దేశీయ చిత్రకారులను నియమించి వ్రాయించెను. ఆ చిత్రములలో మూడువందలు లండనునగరమున 1795 మొదలు మూడు సంపుటములుగా “కోరమాండలు తీరపు మొక్కలు” అను పేర నచ్చయినవి. వానిలో పెక్కింటికి తెలుగుపేర్లు కూడ గలవు. శాస్త్రనామములలో సైతము కొన్ని తెలుగుమాటలు శాశ్వతముగా నిలిచినవి. మన సోమిద చెట్టు సోయ్‌మిడా యైనది. శేషాచలపు కొండలలోని తంబచెట్టు టుంబుగ్గయా యైనది. సోమిద పట్ట జ్వరములకు పనిచేయునని యిచ్చటివారు చెప్పగా విని, ఖరీదైన సింకోనా పట్టకు బదులు దీనిని వాడవచ్చునని రాక్స్‌బరో పరిశోధనలు చేసెను. పెరటిచెట్టు మందునకు రాదన్న మనము వినని మాటను పరదేశి వినెను.

ఇందు మన కభిమానింపదగినదియు, సిగ్గుపడదగినదియు రెండును గలవు. ఆ చిత్రములను వ్రాసిన చేతులు మనవారివి. వారి పేర్లు గ్రంథమున లేవు. ఆ గుణములను చెప్పిన నోళ్ళు మనవారివి. అవి యెవరివో యెవరును వ్రాసియుంచలేదు. పాలకుల జాతిగర్వము దీనికొక కారణము. కాని రెండవ కారణము మనలోనిది. మన పండితులు పద్యములలో చెట్లపేర్లను మాలలుగా గ్రుచ్చిరేగాని, కొండలలో తిరుగు కోయవానిని గాని, కంచెమీది యాకు కోసి బిడ్డకు పోయు ముసలమ్మను గాని, “ఇదియేమి, దేనికి వచ్చును?” అని యడిగి తాటాకుపై వ్రాసికొన్నవారు మిక్కిలి యరుదు. ఆ విద్య నోటినుండి నోటికి, ముఖ్యముగా తల్లినుండి కూతునకు, నడచెను. నోటివిద్య యొక తరము మౌనముతో నశించును.

అడ్డసరము కథ యిందుకు నిదర్శనము. మన కంచెమీది యీ పొదనుండి 19వ శతాబ్దము చివర రసాయనశాస్త్రజ్ఞులు వాసిసిన్ అను సారమును వేఱుచేసిరి. 20వ శతాబ్దమున దాని యణునిర్మాణమును మాదిరిగా గొని పాశ్చాత్యులు బ్రోమ్‌హెక్సిన్ అను మందును తయారుచేసిరి. కఫమును పలుచబఱచుటకై నేడు మనము మందులంగడిలో కొను దగ్గుమందులలో పెక్కింటియందు ఆ దినుసు గలదు. కంచెను పెఱికివేసి, దాని సంతతిని సీసాలో కొనుక్కొనుచున్నాము. ఇట్లు చెప్పుటచే వైద్యుని మాని యాకుపసరులతో కాలహరణము చేయుడని నా యభిప్రాయము కాదు. గర్భిణులకు అడ్డసరము హానికరము. మోతాదు తెలియని మందు విషముతో సమానము. పెరటిచెట్టు మందునకు రాదన్నమాట యబద్ధమని చెప్పుటయే నా యుద్దేశము.

ఇక మన తోటరూపమే మాఱిన కాలమునకు వత్తము. 19వ శతాబ్దమున దొరలు విశాలమైన ఆవరణముల నడుమ బంగళాలు గట్టుకొనిరి. తమ దేశమున ఏడాదిపొడవున చినుకులతో తానై పెరుగు పచ్చికను ఇచ్చట తోటమాలుల చేతను, నీళ్ళుమోయువారి చేతను పెంచిరి. 1835లో మదరాసున వ్యవసాయ ఉద్యానసంఘ మేర్పడినది, పుష్పప్రదర్శనములు జరుగసాగినవి. మలక్కాదీవుల క్రోటనులు, దక్షిణ అమెరికా కాగితపుపూలు కలవారి ముంగిళ్ళలోనికి వచ్చినవి. ఉద్యోగస్థులైన మనవారు బంగళాను చూచి యిల్లు కట్టిరి. ఇంటి వెనుకనున్న తోట ముందునకు వచ్చినది. గృహిణి చేతిలోని తోట జీతగాని చేతిలోనికి పోయినది. వాడుకనీటి తోట మంచినీటి తోటయైనది. పనిచేయు తోట ప్రదర్శనమైనది. నా దృష్టిలో మన యింటితోట చరిత్రమున ముఖ్యమైన మలుపిది. మొక్క మాఱుటకన్న తోట యుద్దేశము మాఱుట పెద్ద మార్పు.

చూపునకై తెచ్చిన మొక్కలన్నియు తోటలోనే యుండలేదు. కంచె యందమునకై 19వ శతాబ్ది యారంభమున కలకత్తాకు తెచ్చిన లాంటానా, మనవారు పులికంప యనునది, గోడ దాటి అడవులకెక్కినది. భారతదేశమున పులులు తిరుగు నడవులలో నూటికి సుమారు 40 వంతుల ప్రదేశమున అది వ్యాపించినదని 2020లో ప్రకటింపబడిన పరిశోధనము తెలిపినది. ఊదారంగు పూవు సొగసుగా నున్నదని బ్రెజిలు దేశమునుండి వచ్చిన గుఱ్ఱపుడెక్క మన కాలువలను, కొల్లేటిని కప్పినది. వంటచెఱకునకై 1877 ప్రాంతమున కడప మండలమున నాటిన పరదేశపు తుమ్మ, సర్కారుతుమ్మ యను పేర నేడు చెఱువుగర్భములను, బీళ్ళను ఆక్రమించుకొన్నది. పేదల పొయ్యికి అది కట్టె నిచ్చుచున్న మాట నిజము. కాని దాని క్రింద పచ్చగడ్డి మొలవదు. మన జమ్మి యీ తుమ్మకు దగ్గఱి జ్ఞాతి. జమ్మి చేనిమధ్య నున్నను పైరును చెఱుపదు. దానిని మనము దసరానాడు పూజింతుము. తెలంగాణ రాష్ట్రము దానిని తన రాష్ట్రవృక్షముగా గైకొన్నది. ఒకే వంశమున పుట్టిన యీ రెండింటికిని భేద మెందువలన?

కారణము మొక్కస్వభావమున మాత్రమే లేదు. నేలతో దానికిగల పరిచయమున నున్నది. ఏ దేశమున పుట్టిన చెట్టునకు ఆ దేశమున దాని నాకు తిను పురుగు, కాయను తొలుచు కీటకము, వేరును పట్టు బూజు వేలయేండ్లుగా తోడై యుండును. అవి దానిని అదుపులో నుంచును. చెట్టు సముద్రము దాటునప్పుడు శత్రువులు వెనుక నుండిపోవును. నాగజెముడు చరిత్రము దీనికి సాక్ష్యము. ఎఱ్ఱరంగు నిచ్చు కొచినీలు పురుగును పెంచు నాసతో కుంపిణీవారు 18వ శతాబ్ది చివర మదరాసు ప్రాంతమున జెముడుతోటలు వేసిరి. 1795లో బ్రెజిలునుండి వచ్చిన పురుగు మంచిరంగు నీయని వేఱొక జాతిదిగా తేలినది. రంగు రాలేదు, వర్తకము సాగలేదు. జెముడు మాత్రము దక్షిణదేశమున పొలములను, పుంతలను ముండ్లతో నింపినది. తుదకు 1926లో సింహళమునుండి తెచ్చిన వేఱొక కొచినీలుపురుగు దానిని తిని, కొలదియేండ్లలోనే విస్తారమైన భూమిని విడిపించినది. కత్తికిని నిప్పునకును లొంగని ముండ్లపొద, దాని పాతశత్రువైన చిన్నపురుగునకు లొంగెను. ఈ పాఠమును నేర్చిన పిమ్మటను మనము సోమాలియా, యెమెను దేశముల కోనోకార్పసును త్వరగా పచ్చబడునన్న యొక్క గుణమును చూచి వీథులవెంట నాటితిమి. 2023లో గుజరాతు ప్రభుత్వము దానిని నాటవలదని నిషేధించినది.

ఇంతవఱకు చదివినవారు పాతపెరటిని స్వర్గముగా భావించు ప్రమాదము గలదు. అందుచే నొక చేదుమాటను చెప్పక తప్పదు. ఆ మల్లెపందిరికి వేకువను లేచి నీరు పోసిన చేతులు పెక్కు ఇండ్లలో బాలవితంతువువి. మొగ్గలు కోసినది ఆమె. దేవునికి దండ గ్రుచ్చినది ఆమె. తన తలలో నొక్కపూవు తుఱుముకొను నధికారము మాత్ర మామెకు లేకుండెను. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొట్టమొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, ఆ వధువు తలలోని పూవులు ఏ పెరటిలో పూచినవో చరిత్రము చెప్పదు. కాని యట్టి పూవులు తెలుగునేల కంతకు పూర్వము తెలియవు. ఆ పెరటిబావి నీరును అందఱకు అందునది కాదు. మొక్క దేశీయమే, దురాచారమును దేశీయమే. మొదటిదానిని నిలుపుకొనుచు రెండవదానిని పెఱికివేయుటయే వివేకము. కలుపుతీయుట యెఱిగిన తోటమాలికి ఈ భేదమును వేఱుగా బోధింపనక్కఱలేదు.

అట్లయిన నేడు మనము చేయదగినదేమి? పాతదొడ్లు మరల రావు. పెక్కుమందికి నాలుగు గజముల నేలయు లేదు. కాని యా తోటకు మూలమైన మూడు ప్రశ్నలను ఎంత చిన్నచోటనైనను అడుగవచ్చును: దీని తావేది? దీని పనియేమి? దీని పేరేమి? అపార్టుమెంటు వసారాలోని నాలుగు కుండలలో తులసి, మల్లె, నందివర్ధనము, కరివేప పెట్టవచ్చును. కరివేప యాకు కొంత కొఱుకబడినచో గృహిణులు విచారింపనక్కఱలేదు. అది నిమ్మజాతి యాకులను తిను సీతాకోకచిలుకల పిల్లల పని. పది యాకులు పోయినను వసారాలో నొక రెక్కల పూవు విచ్చును. కొంచెము నేల యున్నవారు కనకాంబరము, పారిజాతము, గోరింట వేయవచ్చును. మఱికొంత యున్నచో పొగడ, రేల, ఉసిరి, కానుగలలో నొకదానికి తావీయవచ్చును. సముద్రతీరపు టిసుకనేలలకు పొన్న తగినది. రాయలసీమ మెట్టనేలలకు రేలయు ఉసిరియు తగినవి. కంచెకు అడ్డసరమును వావిలియు నేటికిని చాలును. బట్టలుతికిన నీరు గాక, బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు కుండలకు పోయుట యెట్టి యింటనైనను సాధ్యమే. పచ్చిక వలెనన్న కోరిక యున్నవారికి మన గరిక యున్నది. వేసవిలో అది యెండినట్లు కనబడి, తొలకరికి తానై లేచును.

బంతిని, మిరపను, జామను వెడలగొట్టవలసిన పని లేదు; అవి మన బంధువులు. పులికంపను, గుఱ్ఱపుడెక్కను, కోనోకార్పసును తెలిసి నాటకుండుట చాలును. దేశీయమైన మొక్క కావలెనని యడవినుండి పెఱికి తెచ్చుటయు తగదు. గింజ సేకరించి మొలిపించుడు. మొక్కలమ్మువారిని పేరు పెట్టి యడుగుడు. కొనువా రడిగిననాడు వారు పెంచుదురు. అడుగనిచో వారికి తెలిసినదే యమ్ముదురు.

అన్నిటికన్న ముఖ్యమైనది వేఱొకటి గలదు. మన యిండ్లలో పెరటివిద్య యెఱిగిన వృద్ధస్త్రీలు ఇంకను కొందఱున్నారు. ఏ యాకు బాలింతకు, ఏ చెట్టు ఏ కార్తెలో పూచును, ఏ కొమ్మ నెప్పుడు నఱుకవలెను, వారికి తెలియును. రాక్స్‌బరో పరాయిదేశమువాడై, పరాయిభాషలో వచ్చి, మన తాతముత్తాతలను అడిగి వ్రాసికొనెను. తన యవ్వను తన భాషలో నడుగుటకు మన బిడ్డల కేమి యడ్డము? ప్రతి యింటి చదువుకొన్న బిడ్డయు వేసవిసెలవులలో ఒక పుస్తకము పట్టుకొని, అవ్వతో దొడ్డిచుట్టును ఊరిచుట్టును తిరిగి, చెట్టుపేరును, పనిని, ఆ సంగతి చెప్పినవారి పేరును వ్రాయవలెను. చెప్పినవారి పేరు వ్రాయుట మఱువరాదు. సామర్లకోట చిత్రకారులకు జరిగిన యన్యాయము మన యవ్వలకు జరుగరాదు.

రేపు ప్రొద్దున చారులో పోపు వేయునప్పుడు చిటపటలాడు నాకు, జగన్నాథపురమున కన్నుమూసిన యొక పరదేశి పేరును లోకమంతట మోయుచున్నదని తలంపుడు. ఆ చెట్టు ఆయనది కాదు, మనది. కాని దానిని నిలిచి చూచినవాడు, వివరమడిగినవాడు ఆయన. పెరటిచెట్టు మందునకు రాకపోవుట చెట్టు దోషము కాదు. అడుగని వారికి అది చెప్పదు, అంతియే.